చిక్కంతా హారంలోనే: ఫొటోమల్టిప్లయర్ ట్యూబు వెలుగును ఎంత పట్టుకుంటుందో తేల్చడం

ఫొటోమల్టిప్లయర్ ట్యూబు అంటే ఒక్క ఫోటాన్ (వెలుగు కణం) పడినా దాన్ని విద్యుత్ పల్స్‌గా మార్చగల పరికరం. అది కొన్నవాళ్లకు దానితో పాటే ఒక కాగితం కూడా అందుతుంది. క్వాంటం ఎఫిషియెన్సీ ఇంత, గెయిన్ (ఒక ఎలక్ట్రాన్ ఎన్ని అవుతుందో) ఇంత, డార్క్ కౌంట్ (వెలుగు లేకున్నా వచ్చే పల్స్‌లు) ఇంత అని అందులో వరసగా అంకెలుంటాయి. మొదటి అంకె 30 శాతం అని ఉంది కదా, వంద ఫోటాన్లు పడితే ముప్ఫై పల్స్‌లు వస్తాయిలే అనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఆ 30 కాథోడ్ దగ్గర, అంటే వెలుగు తగిలి ఎలక్ట్రాన్ పుట్టే పూత దగ్గర, తేల్చిన లెక్క. పల్స్‌ను అంకెలుగా మార్చే డిజిటైజర్ దాకా వచ్చేసరికి అది 25 కావచ్చు, 20 కావచ్చు. వెలుగు ట్యూబు నడిమధ్యన పడుతోందా అంచున పడుతోందా, ఏ కోణంలో పడుతోంది, చుట్టూ అయస్కాంత క్షేత్రం ఎంత అన్న వాటిని బట్టి ఇంకా మారుతుంది.

కొలవాల్సింది చూడ్డానికి చిన్న భిన్నమే. లవంలో ట్యూబు పసిగట్టిన ఫోటాన్లు, హారంలో ట్యూబు ముఖం మీద పడిన ఫోటాన్లు. ఈ భిన్నాన్నే ఫోటాన్ డిటెక్షన్ ఎఫిషియెన్సీ అంటారు. లవం తేల్చడానికి చక్కటి గణితం ఉంది. కాస్త ఓపికుంటే ఒక శాతం కచ్చితత్వంతో వచ్చేస్తుంది. తలనొప్పంతా హారంతోనే. ఇన్ని ఫోటాన్లు పడ్డాయని చెప్పాలంటే మనకు ఇంకో కొలమానం కావాలి, ఆ కొలమానం ఎంత నమ్మదగిందో మళ్ళీ ఎవరో చెప్పాలి. కింద చెప్పే పద్ధతులన్నీ ఈ ఒక్క చిక్కును ఎలా తప్పించుకోవాలా అన్న ఆలోచనలోంచి పుట్టినవే.

ఫోటాన్ ఎక్కడెక్కడ జారిపోతుంది

ట్యూబు ముందు భాగం గాజు. దాని లోపలి వైపు కొన్ని పదుల నానోమీటర్ల మందాన ఒక పూత ఉంటుంది, అదే ఫొటోకాథోడ్. నీలి వెలుగు కోసం వాడే ట్యూబుల్లో ఇది సాధారణంగా యాంటిమొనీ, పొటాషియం, సీజియం కలిసిన బైఆల్కలీ పూత. గాలిలోంచి గాజులోకి వచ్చేటప్పుడే నాలుగు శాతం వెలుగు వెనక్కి పోతుంది. బోరోసిలికేట్ గాజైతే 300 నానోమీటర్ల లోపు అతినీలలోహితాన్ని దాదాపుగా రానివ్వదు. లోపలికొచ్చిన దాంట్లోనూ కొంత, పూతకు చిక్కకుండా ట్యూబు బోలులోకి దూసుకుపోతుంది. పూత మందంగా వేస్తే అదీ చిక్కుతుంది కదా అనిపిస్తుంది. కానీ అప్పుడు పుట్టిన ఎలక్ట్రాన్ ఆ మందాన్ని ఈదుకుని శూన్యంలోకి రాలేక లోపలే ఆగిపోతుంది. వెలుగును మింగడానికి మందం కావాలి, ఎలక్ట్రాన్ బయటపడడానికి పలచన కావాలి. ఈ బేరం ఎక్కడ తెగిందో చెప్పేదే క్వాంటం ఎఫిషియెన్సీ: ట్యూబు కిటికీ మీద వంద ఫోటాన్లు పడితే కాథోడ్ నుంచి శూన్యంలోకి ఎన్ని ఎలక్ట్రాన్లు వచ్చాయి అని. మామూలు బైఆల్కలీకి 400 నానోమీటర్ల దగ్గర ఇది సుమారు 25 శాతం. హమామత్సు కంపెనీ సూపర్ బైఆల్కలీ పేరుతో అమ్మే రకానికి 35 దాకా, అల్ట్రా బైఆల్కలీకి 43 దాకా ఉంటుంది.

బయటపడ్డ ఎలక్ట్రాన్ మొదటి డైనోడ్‌ను (ఒక ఎలక్ట్రాన్ తగిలితే కొన్నిటిని లేపే పలకను) తగలాలి. అక్కడినుంచి డైనోడ్ మెట్లు దిగుతూ ఒకటి కోటి అవుతుంది. ఎన్ని ఎలక్ట్రాన్లు మొదటి డైనోడ్‌ను సరిగ్గా తగిలి, పల్స్‌గా మారతాయో అది కలెక్షన్ ఎఫిషియెన్సీ. దీన్ని క్వాంటం ఎఫిషియెన్సీతో గుణిస్తే మనకు కావాల్సిన అంకె వస్తుంది.

చిన్న ట్యూబులో ఈ రెండో అంకె గురించి పెద్దగా బెంగ అక్కర్లేదు. 20 అంగుళాల ట్యూబు సంగతి వేరు. అందులో ఎలక్ట్రాన్ దాదాపు 30 సెంటీమీటర్లు ప్రయాణించాలి. భూమి అయస్కాంత క్షేత్రం సుమారు 50 మైక్రోటెస్లా అనుకుంటే, 500 ఎలక్ట్రాన్‌వోల్ట్‌ల శక్తి ఉన్న ఎలక్ట్రాన్ కూడా ఆ దూరంలో 3 సెంటీమీటర్లు పక్కకు ఒరుగుతుంది. బయల్దేరినప్పుడు దాని శక్తి అంతకంటే చాలా తక్కువ కాబట్టి అసలు ఒరుగు ఇంకా ఎక్కువే. అది చేరాల్సిన డైనోడ్ వాకిలి కొన్ని సెంటీమీటర్ల వెడల్పే. అందుకే పెద్ద ట్యూబును బల్ల మీద తూర్పుకు తిప్పి కొలిస్తే ఒకటి, ఉత్తరానికి తిప్పి కొలిస్తే ఇంకొకటి వస్తుంది. ట్యూబు చెడిపోయిందని కంగారు పడే ముందు దిక్కు చూసుకోవాలి.

మొదటి డైనోడ్‌ను తగిలినంత మాత్రాన పని అయిపోలేదు. ఒక ఎలక్ట్రాన్ తగిలితే సగటున 5 ఎలక్ట్రాన్లు లేస్తాయనుకుందాం. ఒక్కటీ లేవకపోయే అవకాశం 0.7 శాతం. అదే ఓల్టేజీ తగ్గి సగటు 3కు పడిపోతే ఆ అవకాశం 5 శాతానికి ఎక్కుతుంది. అంటే కాథోడ్‌కు, మొదటి డైనోడ్‌కు మధ్య ఓల్టేజీ తగ్గితే గెయిన్‌తో పాటు ఎఫిషియెన్సీ కూడా తగ్గుతుంది. గెయిన్ సర్దుకోవడానికి మొత్తం ఓల్టేజీని అటూ ఇటూ జరిపే అలవాటున్నవాళ్లు, ఆ మొదటి మెట్టును ఓల్టేజీని నిలకడగా ఉంచే జీనర్ డయోడ్లతో కట్టేయడం మేలు.

కరెంటుతో కొలత

క్వాంటం ఎఫిషియెన్సీని కొలిచే పద్ధతి పాతది, తిన్ననిది. డైనోడ్‌లన్నిటినీ, చివర ఎలక్ట్రాన్లను అందుకునే ఆనోడ్‌నూ కలిపి ఒక్క తీగగా కట్టేస్తారు. కాథోడ్‌కంటే దాన్ని 200 నుంచి 300 ఓల్టుల ఎత్తులో ఉంచుతారు. ఇప్పుడు ట్యూబులో గుణకారం లేదు. కాథోడ్ నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లన్నీ ఎక్కడ తగిలినా ఒకే తీగలోకి వస్తాయి. పికోఅమ్మీటర్‌తో ఆ కరెంటు చదువుతారు. ఓల్టేజీ పెంచుతూ పోతే కరెంటు ఒక స్థాయి దగ్గర నిలకడగా ఆగాలి. ఆగకపోతే కొన్ని ఎలక్ట్రాన్లు ఇంకా దారి తప్పుతున్నట్టు.

వెలుగు జెనాన్ దీపం నుంచి ఒక్క రంగునే వదిలే మోనోక్రోమేటర్ గుండా వస్తుంది. అదే వెలుగు ముందు, ప్రమాణ సంస్థ నుంచి క్రమాంకన పత్రంతో (ఎంత వెలుగుకు ఎంత కరెంటో తేల్చిన పత్రంతో) వచ్చిన సిలికాన్ ఫొటోడయోడ్‌ను, ట్యూబును ఒకదాని తర్వాత ఒకటి పెడతారు. 400 నానోమీటర్ల దగ్గర డయోడ్ స్పందన వాట్‌కు 0.20 ఆంపియర్ అని పత్రంలో ఉందనుకోండి. డయోడ్ 2.00 నానోఆంపియర్లు చూపిస్తే పడుతున్న వెలుగు 10 నానోవాట్లు. అదే చోట ట్యూబు 0.90 నానోఆంపియర్ ఇస్తే దాని స్పందన వాట్‌కు 0.090 ఆంపియర్. 1240ను (ఫోటాన్ శక్తిని తరంగదైర్ఘ్యంతో ముడేసే స్థిరాంకం) దీంతో గుణించి, నానోమీటర్లలో తరంగదైర్ఘ్యంతో భాగిస్తే 0.279, అంటే 27.9 శాతం. షట్టర్ మూసి చదివిన డార్క్ కరెంటును రెండిటిలోంచీ ముందే తీసేయాలి.

తిన్ననిదే అయినా తప్పులకు కొదవలేదు. వెలుగు చుక్క మొత్తం డయోడ్ ముఖంలో ఇమడాలి. అంచు దాటి పోయిందంటే హారం తగ్గిపోయి ట్యూబు ఉన్నదానికంటే గొప్పగా కనిపిస్తుంది. మోనోక్రోమేటర్‌ను 700 దగ్గర పెడితే దాంతో పాటు 350 నానోమీటర్ల వెలుగు కూడా దొంగచాటుగా వస్తుంది. బైఆల్కలీ 700కు దాదాపు గుడ్డిది, 350కి మాత్రం చురుకు. ఫిల్టర్ మరిస్తే గ్రాఫు ఎరుపు వైపు ఉత్తుత్తి బుడిపె లేస్తుంది. ఇంకొకటి, బైఆల్కలీ పూతకు విద్యుత్ నిరోధం ఎక్కువ. కరెంటు మితిమీరితే పూత మీదే ఓల్టేజీ వంగిపోయి రీడింగు తగ్గుతుంది. అందుకే కొద్ది నానోఆంపియర్లతో సరిపెట్టుకుంటారు. వెలుగును సగానికి తగ్గిస్తే కరెంటు కూడా సరిగ్గా సగమవుతోందా అని చూస్తే ఈ జబ్బు బయటపడుతుంది.

కాగితం మీద క్వాంటం ఎఫిషియెన్సీకి బదులు ల్యూమెన్‌కు ఇన్ని మైక్రోఆంపియర్లు అని ఉంటే దాన్ని పట్టించుకోకపోయినా నష్టం లేదు. అది 2856 కెల్విన్ టంగ్‌స్టన్ దీపంతో కొలిచింది. ఆ దీపంలో ఎరుపే ఎక్కువ. చెరెంకోవ్ నీలి వెలుగు (వేగంగా దూసుకుపోయే కణాలు నీటిలో, గాలిలో వదిలే వెలుగు) కోసం ట్యూబు కొనేవాళ్లకు అది చెప్పేది తక్కువ.

అన్నిటికంటే పెద్ద లోటు, ఈ పద్ధతి మొదటి డైనోడ్ వాకిలి గురించి ఏమీ చెప్పదు. ఎటు పోయిన ఎలక్ట్రాన్ అయినా లెక్కలోకి వచ్చేస్తుంది కాబట్టి కలెక్షన్ ఎఫిషియెన్సీ మాయమైపోతుంది. అసలు వాడకంలో ట్యూబు ఎలా ప్రవర్తిస్తుందో తెలియాలంటే పల్స్‌లు లెక్కపెట్టాల్సిందే.

సున్నాలు లెక్కపెట్టడం

ఇక్కడ ఒక తమాషా ఉంది. ఎన్ని ఫోటాన్లు పట్టుబడ్డాయో తెలుసుకోవడానికి, ఏమీ పట్టుబడని వెలుగు పల్స్‌లు లెక్కపెడతారు.

నానోసెకన్ల వెలుగు పల్స్‌లిచ్చే ఎల్ఈడీ, లేదా 405 నానోమీటర్ల పికోసెకను లేజర్ తీసుకుంటారు. ప్రతి పల్స్‌కు ట్యూబు సగటున 0.1 ఎలక్ట్రాన్ మాత్రమే ఇచ్చేంత మందగిస్తారు. అంటే పదింట తొమ్మిది సార్లు ఏమీ రాదు. వచ్చేవాటి సంఖ్య ప్వాసాన్ పంపిణీని (విడివిడిగా, యాదృచ్ఛికంగా జరిగేవాటి లెక్కకు వాడే సూత్రాన్ని) అనుసరిస్తుంది. సున్నా వచ్చిన పల్స్‌ల వాటాకు నేచురల్ లాగ్ తీసి గుర్తు మార్చితే సగటు ఎలక్ట్రాన్ల సంఖ్య వచ్చేస్తుంది. దీన్ని మ్యూ అంటారు.

సున్నాలనే ఎందుకు నమ్మాలంటే, సున్నాకు గెయిన్‌తో పని లేదు. ఒక ఎలక్ట్రాన్ ఒకసారి పెద్ద పల్స్, ఇంకోసారి చిన్న పల్స్ ఇస్తుంది. సగటు చార్జిని గెయిన్‌తో భాగించి ఎలక్ట్రాన్లు లెక్కగడితే గెయిన్‌లోని తప్పంతా మన నెత్తిన పడుతుంది. సున్నా మాత్రం ఎప్పుడూ పెడెస్టల్ (ఏమీ రానప్పటి చార్జి రీడింగు) దగ్గరే కూర్చుంటుంది.

ఒక లెక్క దగ్గరగా చూద్దాం. కొలవాల్సిన ట్యూబు, ఎఫిషియెన్సీ 22.0 శాతం అని ముందే తేలిన రిఫరెన్స్ ట్యూబు, రెండిటికీ ఒకే వెలుగు పంచుతున్నాం. 1,00,000 ట్రిగ్గర్లు (కొలత ఆజ్ఞలు), 100 నానోసెకన్ల గేటు (ప్రతిసారీ పల్స్ కోసం చూసే సమయం). ఎల్ఈడీ వెలుగుతున్నప్పుడు కొలిచే ట్యూబులో 90,250 సున్నాలు వచ్చాయి. దాని లాగ్ నుంచి 0.1026. ఎల్ఈడీ ఆర్పేసి మళ్ళీ లక్ష ట్రిగ్గర్లు తీస్తే 99,880 సున్నాలు, అంటే డార్క్ కౌంట్ వాటా 0.0012. తీసేస్తే మ్యూ 0.1014. రిఫరెన్స్ ట్యూబులో వెలుగుతో 91,900 సున్నాలు, చీకట్లో 99,950; మ్యూ 0.0840. రెండిటి నిష్పత్తి 1.207. కాబట్టి కొలిచే ట్యూబు ఎఫిషియెన్సీ 26.6 శాతం.

ఒక్కో మ్యూలో గణాంక దోషం సుమారు ఒక శాతం. రెండూ కలిస్తే ఒకటిన్నర. అంటే 26.6లో 0.4 అటూ ఇటూ. ట్రిగ్గర్లను పది లక్షలు చేస్తే ఇది మూడో వంతుకు దిగుతుంది. కానీ రిఫరెన్స్ ట్యూబు 22 శాతమే ఐదు శాతం దోషంతో తెలిసి ఉంటే ఆ ఒక్కటే జవాబులో 1.3 అటూ ఇటూ ఊపేస్తుంది. రాత్రంతా డేటా తీసినా అది ఒక్క పిసరు తగ్గదు. హారం అంటే ఇదీ.

మ్యూ ఎంత పెట్టుకోవాలన్నది కూడా ఆలోచించాల్సిందే. సున్నాల పద్ధతికి దోషం అన్నిటికంటే తగ్గేది మ్యూ 1.6 దగ్గర, అక్కడ అదే లక్ష ట్రిగ్గర్లతో 0.4 శాతం వస్తుంది. మరి 0.1 ఎందుకు? అదే పరుగులో గెయిన్, ఏక ఎలక్ట్రాన్ చార్జి ఆకారం కూడా చూసుకోవాలంటే ఒక్కొక్కటే రావాలి. మ్యూ 0.1 అయితే వచ్చిన పల్స్‌లలో రెండు, అంతకు పైగా ఎలక్ట్రాన్లున్నవి 5 శాతమే. ఎఫిషియెన్సీ ఒక్కటే కావాలనుకుంటే 0.5, 1 దాకా వెళ్ళడానికి భయపడక్కర్లేదు. దానివల్ల డార్క్ కౌంట్ సవరణ వాటా కూడా చిన్నదవుతుంది.

సున్నాను సున్నాగా గుర్తించడంలో ఒక మెలిక ఉంది. గెయిన్ కోటి ఉన్న ట్యూబులో ఒక ఎలక్ట్రాన్ 1.6 పికోకూలంబ్‌లు ఇస్తుంది. 50 ఓమ్‌ల మీద పది, పదిహేను మిల్లీవోల్ట్‌ల పల్స్. థ్రెషోల్డ్‌ను (పల్స్‌గా లెక్కించే కనీస ఎత్తును) పావు ఎలక్ట్రాన్ దగ్గర పెట్టడం వాడుక. దాని కింద పడే చిన్న పల్స్‌లు సున్నాల ఖాతాలోకి పోతాయి. డైనోడ్ మెట్లలో ఒకటి తప్పిన పల్స్‌లు ఇవే. గెయిన్ జారితే థ్రెషోల్డ్ కూడా తెలియకుండా జరిగినట్టే. అందుకని కొందరు థ్రెషోల్డ్ వదిలేసి చార్జి చిత్రంలో (ఎంత చార్జి ఎన్నిసార్లు వచ్చిందో చూపే గ్రాఫులో) పెడెస్టల్‌కు గీత అమర్చి సున్నాలు తీస్తారు. ఆ గ్రాఫులో పెడెస్టల్‌కు, ఒక ఎలక్ట్రాన్ శిఖరానికి మధ్య లోయ లోతుగా ఉన్న ట్యూబులో రెండు దారులూ ఒకే జవాబిస్తాయి. ఇవ్వకపోతే ముందు గ్రౌండింగ్, ఆ తర్వాత ట్యూబు చూసుకోవాలి.

రెండు ట్యూబులనూ ఒకే వెలుగు ముందు పెట్టామన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. ఇంటిగ్రేటింగ్ స్ఫియర్ (లోపల తెల్లపూతతో వెలుగును అన్ని వైపులకూ సమంగా పంచే గోళం) వాడినా ఎడమ చోటుకు, కుడి చోటుకు రెండు మూడు శాతం తేడా ఉంటుంది. మందు సులువే: ట్యూబుల చోట్లు మార్చి మళ్ళీ కొలిచి, రెండు నిష్పత్తులను గుణించి వర్గమూలం తీస్తే చోటు తేడా దానంతటదే కొట్టుకుపోతుంది. ఈ పని చేయడానికి బద్ధకించి, స్ఫియర్ మంచిదని చెప్పుకునే కొలతలను నమ్మకపోవడమే మంచిది.

నానోవాట్ నుంచి ఒక్క ఫోటాన్ దాకా

రిఫరెన్స్ ట్యూబు ఎఫిషియెన్సీ ఎవరు చెప్పారు? ఇంకో రిఫరెన్స్ ట్యూబు. దానికి? ఎక్కడో ఒకచోట ఈ గొలుసును వాట్లకు, అంటే ఫొటోడయోడ్‌కు ముడేయాలి. గోతి అక్కడే ఉంది.

400 నానోమీటర్ల ఫోటాన్ శక్తి 3.1 ఎలక్ట్రాన్‌వోల్ట్‌లు. సెకనుకు 1,000 పల్స్‌లు, పల్స్‌కు 0.4 ఫోటాన్ ట్యూబు మీద పడుతోందంటే సెకనుకు 400 ఫోటాన్లు, అంటే 0.2 ఫెమ్టోవాట్. అదే వెలుగు ముందు డయోడ్ పెడితే ఒక ఫెమ్టోఆంపియర్‌లో ఇరవై ఐదో వంతు కరెంటు వస్తుంది. మంచి పికోఅమ్మీటర్‌కు కూడా అది కనపడదు. డయోడ్‌ను ఒక శాతం నమ్మకంతో చదవాలంటే కనీసం పది పికోఆంపియర్లు కావాలి. తేడా రెండున్నర లక్షల రెట్లు. డయోడ్ చూడగలిగిన వెలుగును ట్యూబు లెక్కపెట్టలేదు, ట్యూబు లెక్కపెట్టగలిగింది డయోడ్‌కు చీకటి.

ఈ రెండున్నర లక్షలను ఎలా దాటాలి? పల్స్‌ల వేగం పెంచి డయోడ్‌ను చదివి, తగ్గించి ట్యూబును చదవొచ్చు. వెయ్యి నుంచి లక్షకు పెంచితే వంద రెట్లు దొరికాయి. కానీ ఎల్ఈడీ వేడెక్కి ఒక్కో పల్స్ వెలుగు మారుతుంది. దూరం పదింతలు చేసి ఇంకో వంద రెట్లు తెచ్చుకోవచ్చు. గోడల మీంచి తుళ్ళి వచ్చే వెలుగు లేకుండా నల్లటి అడ్డుతెరలు వరసగా కట్టుకోవాలి. వెలుగును తగ్గించే న్యూట్రల్ డెన్సిటీ ఫిల్టర్లు వాడొచ్చు. డబ్బా మీద వందో వంతు అని రాసి ఉన్న ఫిల్టర్, మన తరంగదైర్ఘ్యం దగ్గర వందో వంతు ఉండాలని రూలేమీ లేదు. ఒక్కోదాన్నీ విడిగా కొలుచుకోవాలి. రెండు ఫిల్టర్లను ఒకదాని వెనక ఒకటి సమాంతరంగా పెడితే వాటి మధ్య వెలుగు అటూ ఇటూ తుళ్ళి, మొత్తం తగ్గింపు రెండిటి లబ్ధానికి సమానం కాదు. కాస్త ఏటవాలుగా పెడితే ఈ బాధ తీరుతుంది. ఇలా ఒక్కో మెట్టులో ఒక శాతం చొప్పున దోషం పోగవుతుంది. చివరికి మూడు, నాలుగు శాతంతో బయటపడితే బాగా చేసినట్టే.

మెట్లు ఎక్కకుండా ఒక్క గంతులో దాటిన పద్ధతి ఒకటుంది. దక్షిణ ధ్రువంలో మంచు కింద దాదాపు కిలోమీటరున్నర నుంచి రెండున్నర కిలోమీటర్ల లోతులో 5,160 సెన్సార్లతో పనిచేస్తున్న ఐస్‌క్యూబ్ డిటెక్టర్ న్యూట్రినోలనే సూక్ష్మ కణాల కోసం వెతుకుతుంది; అందులోవి 10 అంగుళాల ట్యూబులు. వాటిలో కొన్నిటిని నేరుగా వాట్లతో ముడేసి క్రమాంకనం చేయడానికి 337 నానోమీటర్ల నైట్రోజన్ లేజర్ వాడారు. లేజర్ పుంజం నేరుగా ట్యూబు మీద పడదు. స్వచ్ఛమైన నైట్రోజన్ వాయువు నింపిన గదిలోంచి వెళ్తుంది. వాయువు అణువులు పుంజంలోంచి అతి స్వల్ప భాగాన్ని పక్కకు చెదరగొడతాయి. ఆకాశాన్ని నీలంగా చూపించే రేలీ పరిక్షేపణమే ఇది. ఆ చెదిరిన వెలుగే ట్యూబు మీద పడుతుంది. అసలు పుంజం శక్తిని సిలికాన్ మీటర్ హాయిగా కొలుస్తుంది. ఎంత భాగం చెదిరిందన్నది వాయు పీడనం, ఉష్ణోగ్రత, కోణాల నుంచి లెక్కగట్టొచ్చు. ఫిల్టర్ ఎంత తగ్గించిందో కొలుచుకునే బదులు, ఎంత తగ్గుతుందో భౌతికశాస్త్రం చేతే చెప్పించుకున్నారన్నమాట. వాయువులో దుమ్ము కణం ఒక్కటున్నా రేలీ లెక్క చెడుతుంది కాబట్టి గది శుభ్రతే దీనికి ప్రాణం. ఈ రంగంలో ఇంత అందమైన ఉపాయం ఇంకోటి కనపడదు.

హారమే అక్కర్లేని దారి కూడా ఉంది. కొన్ని స్ఫటికాల్లో ఒక ఫోటాన్ రెండుగా చీలుతుంది. జంటలో ఒకటి మొదటి డిటెక్టర్‌లో కనపడిందంటే, రెండోది మన ట్యూబు వైపు బయల్దేరిందని నిశ్చయంగా తెలుసు. మొదటిది ఎన్నిసార్లు మోగిందో (పల్స్ ఇచ్చిందో), అందులో ఎన్నిసార్లు మన ట్యూబు కూడా మోగిందో చూస్తే చాలు. ఆ నిష్పత్తే ఎఫిషియెన్సీ. మొదటి డిటెక్టర్ ఎఫిషియెన్సీ ఎంతైనా ఫరవాలేదు, అది కొట్టుకుపోతుంది. బర్న్‌హమ్, వైన్‌బర్గ్ 1970లోనే చూపించిన సంగతి ఇది; క్లిష్కో దాన్ని క్రమాంకన పద్ధతిగా తీర్చిదిద్దాడు. వినడానికి బంగారంలా ఉన్నా పెద్ద ట్యూబుల వాళ్లకు అంతగా అక్కరకు రాదు. 405 నానోమీటర్ల చవక లేజర్‌తో పుట్టే జంట 810 దగ్గర ఉంటుంది, అది బైఆల్కలీకి కనపడదు. పైగా స్ఫటికానికి, ట్యూబుకు మధ్య కటకాలలో పోయే వెలుగును కూడా ట్యూబు లోపం కింద లెక్కగడతాం. హారాన్ని ముందు గుమ్మంలోంచి తరిమితే దొడ్డి గుమ్మంలోంచి వస్తుంది.

పెట్టెలో జరిగే పొరపాట్లు

చీకటి పెట్టె నిజంగా చీకటో కాదో కంటితో తేలదు. గదిలో దీపాలు వేసి ఒకసారి, ఆర్పి ఒకసారి డార్క్ కౌంట్ తీయాలి. తేడా వస్తే వెలుగు కారుతున్నట్టే. ఎక్కువగా కేబుళ్లు లోపలికి వెళ్ళే కన్నాలు, తలుపు మూలలు, పెట్టె లోపల మర్చిపోయిన పరికరం మీది ఆకుపచ్చ పవర్ బల్బు. ట్యూబుకు హై ఓల్టేజీ ఉన్నప్పుడు తలుపు తీస్తే ట్యూబు పోయినట్టే. ఓల్టేజీ లేకుండా గది వెలుగు చూసిన ట్యూబు కూడా గంటల తరబడి ఎక్కువ డార్క్ కౌంట్ ఇస్తుంది. కొలతకు ముందు కనీసం ఒక రాత్రి చీకట్లో పడుకోబెట్టాలి.

ఎల్ఈడీ వెలుగు ఉష్ణోగ్రతతో మారుతుంది, ట్యూబు స్పందన కూడా నీలి వెలుగు దగ్గర డిగ్రీకి 0.4 శాతం దాకా జారుతుంది. ఏసీ ఆగి గది ఐదు డిగ్రీలు వేడెక్కితే రెండు శాతం పోయింది. స్ఫియర్‌కు ఇంకో రంధ్రం దగ్గర కదలకుండా ఒక మానిటర్ ట్యూబు పెట్టుకుంటే ఎల్ఈడీ సంగతి తెలుస్తుంది. ఆ మానిటర్‌ను ఎవరూ ముట్టుకోకూడదు.

అయస్కాంతం నుంచి చిన్న ట్యూబును కాపాడేది మ్యూ మెటల్ అనే నికెల్, ఇనుము మిశ్రలోహపు గొట్టం (పైన చెప్పిన మ్యూతో దీనికి సంబంధం లేదు). గొట్టం కాథోడ్ అంచు దగ్గరే ఆగిపోతే ఉపయోగం తక్కువ. కాథోడ్ ముందుకు కనీసం ట్యూబు వ్యాసార్ధమంత పొడుచుకు రావాలి. మ్యూ మెటల్‌ను కింద పడేసినా, వంచినా దాని గుణం పోతుంది, చూడ్డానికి మాత్రం అలాగే ఉంటుంది. నెగటివ్ హై ఓల్టేజీ వాడేటప్పుడు ఈ గొట్టం గ్రౌండ్‌లో ఉండి గాజును తాకితే గాజులోనే చిన్న చిన్న మెరుపులు పుట్టి డార్క్ కౌంట్ పెరుగుతుంది.

గేటు పొడవు మరో మెలిక. మొదటి డైనోడ్‌ను తాకి వెనక్కి ఎగిరి మళ్ళీ పడే ఎలక్ట్రాన్లు పదుల నానోసెకన్లు ఆలస్యంగా వస్తాయి. గేటు పొట్టిదైతే అవి లెక్కలోకి రావు, ఎఫిషియెన్సీ తగ్గినట్టు కనిపిస్తుంది. గేటు మరీ పొడవైతే డార్క్ కౌంట్ దూరుతుంది: 20 అంగుళాల ట్యూబు సెకనుకు 20,000 సార్లు మోగుతుంటే 300 నానోసెకన్ల గేటులో 0.006, అంటే 0.1 మ్యూలో ఆరు శాతం. రెండు ట్యూబులను పోల్చేవాళ్లు రెండిటికీ ఒకే గేటు పెట్టామని ధీమాగా ఉంటారు. ఒకటి డైనోడ్ ట్యూబు, ఇంకోటి డైనోడ్‌లకు బదులు సన్నటి రంధ్రాల పలక ఉన్న మైక్రోఛానల్ ప్లేటు ట్యూబు అయితే ఆలస్యాల తీరే వేరు.

లిక్విడ్ జెనాన్‌లో డార్క్ మేటర్ వెతికేవాళ్లకు మరో చిక్కు. జెనాన్ వెలుగు 175 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. అంత శక్తి ఉన్న ఫోటాన్ ఒక్కటే, పట్టుబడినప్పుడు సుమారు ఐదింట ఒకసారి రెండు ఎలక్ట్రాన్లను లేపుతుంది. కరెంటుతో కొలిచే పద్ధతి ఎలక్ట్రాన్లను లెక్కపెడుతుంది, ఫోటాన్లను కాదు. కాగితం మీది 34 శాతంలో ఈ అదనపు ఎలక్ట్రాన్లు కలిసే ఉంటాయి. 1.2తో భాగిస్తే ఫోటాన్ నిజంగా పట్టుబడే అవకాశం 28 శాతమే. క్వాంటం ఎఫిషియెన్సీ అన్న పేరులోనే ఉన్న ఈ గందరగోళం, నీలి వెలుగుతో పనిచేసినన్నాళ్లూ ఎవరికీ తట్టదు.

ఒక్క బిందువు కాదు, మొత్తం ముఖం

ట్యూబు నడిమధ్య కొలిచిన అంకెను మొత్తం ముఖానికి అంటగట్టకూడదు. అంచుల వైపు పూత మందం మారుతుంది, అక్కడినుంచి ఎలక్ట్రాన్ దారి వంకర. చైనాలోని జూనో న్యూట్రినో ప్రయోగం దీన్ని పెద్ద ఎత్తున ఎదుర్కొంది. 20,000 టన్నుల లిక్విడ్ సింటిలేటర్ (కణం దూసుకుపోతే మెరిసే ద్రవం) చుట్టూ 17,612 ఇరవై అంగుళాల ట్యూబులు. 2025 ఆగస్టులో అది డేటా తీయడం మొదలెట్టింది. ఒక మిలియన్ ఎలక్ట్రాన్‌వోల్ట్‌ల శక్తిని 3 శాతం స్పష్టతతో చూడాలన్నది లక్ష్యం. అంత శక్తికి 1,300 ఎలక్ట్రాన్లు వస్తే ప్వాసాన్ ఊపు ఒక్కటే 2.8 శాతం. ఎఫిషియెన్సీ పదో వంతు తగ్గితే 2.9 దాటుతుంది, మిగతా దోషాలకు చోటే ఉండదు. అందుకే ట్యూబుల సగటు 27 శాతానికి తగ్గకూడదని షరతు పెట్టుకున్నారు.

వేల ట్యూబులను పరీక్షించడానికి అయస్కాంత రక్షణ ఉన్న షిప్పింగ్ కంటెయినర్లలో 36 అరలు చొప్పున కట్టారు. ఒక్కో అరలో ఒక ట్యూబు, ముఖమంతటా పరుచుకునే వెలుగు. కొన్ని అరల్లో రిఫరెన్స్ ట్యూబులు ఎప్పుడూ తిరుగుతూ ఉంటాయి, ఏ అర వెలుగు మారినా పట్టేయడానికి. ఎంపిక చేసిన ట్యూబులను మళ్ళీ స్కానింగ్ స్టేషన్‌లో పెడతారు: వంపు వెంట 7 ఎల్ఈడీలు, ట్యూబు చుట్టూ 24 స్థానాలు, మొత్తం 168 బిందువులు. కంటెయినర్ తొందరగా జల్లెడ పడుతుంది, స్కానర్ ఆ జల్లెడ సరైందో కాదో చెబుతుంది.

ఇంత చేసినా ఆ అంకె గాలిలో కొలిచింది. ట్యూబు నీళ్ళలోకో సింటిలేటర్ పక్కకో వెళ్ళాక గాజు మీది ప్రతిఫలనం తగ్గుతుంది, వెలుగు వచ్చే కోణాలు మారతాయి. జపాన్‌లోని సూపర్ కమియొకాండే అనే నీటి ట్యాంకు న్యూట్రినో డిటెక్టర్ వాళ్లు అందుకే ట్యాంకులోనే ఇంకో కొలత పెట్టుకున్నారు. కాలిఫోర్నియం 252 నుంచి వచ్చే న్యూట్రాన్లను నికెల్ మింగి సుమారు 9 మిలియన్ ఎలక్ట్రాన్‌వోల్ట్‌ల గామా కిరణాలు వదులుతుంది. ఈ కాలిఫోర్నియం, నికెల్ ఉన్న ఉండను ట్యాంకు మధ్యలోకి దించుతారు. వెలుగు ఎంత పలచనంటే తగిలిన ట్యూబుకు దాదాపు ఒక్క ఎలక్ట్రానే. దూరం, నీటి శోషణ సవరించాక ఏ ట్యూబు ఎన్నిసార్లు మోగిందన్నదే దాని సాపేక్ష ఎఫిషియెన్సీ. ఇక్కడా సున్నాల లెక్కే.

లద్దాఖ్‌లోని హాన్లేలో ఉన్న మేస్ గామా కిరణ టెలిస్కోపు 21 మీటర్ల అద్దంతో వాతావరణంలోని చెరెంకోవ్ మెరుపులను చూస్తుంది. బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) ప్రాజెక్టు అది, హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ కట్టింది. కెమెరాలో 1,088 ట్యూబులు, ఒక్కోదాని ముందు వెలుగును కూడగట్టే శంకువు. శంకువు వెలుగును ఏటవాలుగా ట్యూబు మీదికి తోస్తుంది కాబట్టి నిలువు వెలుగుతో ల్యాబులో తేలిన అంకె ఇక్కడ కొంత తప్పుతుంది. ఇలాంటి టెలిస్కోపులకు ప్రకృతే ఇచ్చే దీపం మ్యూయాన్, అంటే కాస్మిక్ కిరణాల నుంచి పుట్టే, ఎలక్ట్రాన్ లాంటిదే అయినా బరువైన కణం. అద్దానికి దగ్గరగా పడే మ్యూయాన్ కెమెరాలో గుండ్రటి రింగు గీస్తుంది. రింగు వ్యాసార్ధం నుంచి ఎన్ని ఫోటాన్లు రావాలో లెక్కగట్టొచ్చు, అంటే హారం చేతికొచ్చింది. కాకపోతే ఆ భిన్నంలో అద్దం ప్రతిఫలనం, శంకువు, ట్యూబు మూడూ కలిసి గుణకారమై కూర్చుంటాయి. రింగు మసకబారితే అద్దం మీద దుమ్మా, ట్యూబు ముసలితనమా అన్నది రింగు చెప్పదు. దాన్ని విడదీయడానికి అద్దంతో సంబంధం లేకుండా కెమెరా మీదికి నేరుగా వెలుగు వేసే ఎల్ఈడీ ఫ్లాషర్ కావాలి, ఫ్లాషర్‌కు తన సొంత మానిటర్ కావాలి. ఫ్లాషర్ రీడింగు నిలకడగా ఉండి రింగు మాత్రం తగ్గితే, అద్దం కడగాల్సిన రోజు వచ్చినట్టు.